సెట్‌టాప్ బాక్సు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే ముందుగా చూడవలసినవి

మీరు అడిగినది నాకు అర్థమైన మేరకు ఇది. కావలిలో మీ ఇల్లు పై అంతస్తులో ఉంది. హాల్లో గాజు తలుపులున్న చెక్క టీవీ యూనిట్‌లో, అన్నిటికన్నా పై అరలో డీటీహెచ్ బాక్సు పెట్టారు. మధ్యాహ్నం రెండు దాటిన తర్వాత బొమ్మ గడులు గడులుగా విడిపోయి ఆగిపోతోంది, రిమోట్ నొక్కినా పలకడం లేదు, బాక్సు మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఏడాదిన్నరలో ఇది రెండో బాక్సు. మీ అమ్మగారికి పగటిపూట టీవీయే కాలక్షేపం కాబట్టి ఇబ్బంది ఎక్కువగా ఉంది. తడి గుడ్డ కప్పవచ్చా, చిన్న ఫ్యాను కొనాలా, లేక కంపెనీయే మార్చేయాలా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. తడి గుడ్డ ఎంతమాత్రం వద్దు. ఫ్యాను ఇప్పుడే కొనకండి. కంపెనీ మార్చడం వల్ల ఈ బాధ పోదు. ఈ రోజే బాక్సును ఆ గాజు తలుపుల అర నుంచి బయటికి తీసి, నాలుగు వైపులా గాలి తగిలేటట్టు, కింద కొంచెం ఎత్తు ఇచ్చి, టీవీకి పక్కగా పెట్టండి. ఆ తర్వాత అడాప్టర్‌ను, దాని తర్వాత మేడ మీద డిష్ దగ్గర ఉన్న కనెక్టర్‌ను చూడండి. వేడి బాధతో నా దగ్గరికి వచ్చే బాక్సుల్లో ఎక్కువ భాగం మొదటి పనితోనే కుదుటపడతాయి. మూడోది, అంటే డిష్ కనెక్టర్, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో చాలామంది ఊహించని కారణం. మీది కావలి కాబట్టి దాని గురించి కింద వివరంగానే రాస్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఒంగోలులో టీవీలు, బాక్సులు బాగుచేస్తున్నాను. అంతకు ముందు కొన్నేళ్లు సింగరాయకొండ, టంగుటూరు వైపు కేబుల్ లైన్ల మీద పనిచేశాను. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవం నుంచి వచ్చినదే.

అసలు ఆ వేడి ఎక్కడిది?

సాధారణ డీటీహెచ్ బాక్సు 8 నుంచి 15 వాట్ల దాకా విద్యుత్తు తీసుకుంటుంది. కార్యక్రమాలు రికార్డు చేసుకునే హార్డ్‌డిస్కు బాక్సులైతే ఇంకా ఎక్కువ. ఈ విద్యుత్తులో దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. 12 వాట్లు అంటే ఏముందిలే అనిపిస్తుంది. పూర్వం దేవుడి గదిలో వెలిగించుకునే జీరో బల్బు గుర్తుందా? పేరుకు జీరో అయినా అది కూడా ఇంచుమించు అంతే విద్యుత్తు తీసుకునేది. వెలుగుతున్నప్పుడు దాన్ని వేళ్లతో పట్టుకుని చూసిన వాళ్లకు అది ఎంత కాలుతుందో తెలుసు. అలాంటి బల్బును ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను గాజు తలుపుల అరలో పెట్టి, పగలూ రాత్రీ ఆర్పకుండా ఉంచడమే మనం చేస్తున్న పని.

ఆర్పకుండా అని ఎందుకు అన్నానంటే, రిమోట్‌తో ఆపినప్పుడు చాలా బాక్సులు నిజంగా ఆగవు. ముందు ఉన్న ఎర్ర దీపం వెలుగుతుంది, టీవీకి బొమ్మ వెళ్లడం ఆగుతుంది, కానీ లోపల సిగ్నల్ పట్టే ట్యూనరూ ప్రధాన చిప్పూ పనిచేస్తూనే ఉంటాయి. చాలా మోడళ్లలో స్టాండ్‌బైలో తీసుకునే విద్యుత్తుకూ నడుస్తున్నప్పుడు తీసుకునే విద్యుత్తుకూ పెద్ద తేడా ఉండదు. తెల్లవారుజామున ఎవరూ టీవీ చూడనప్పుడు బాక్సును ముట్టుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

ఈ వేడి వల్ల మొదట పాడయ్యేది చాలామంది అనుకున్నట్టు పెద్ద చిప్పు కాదు, కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు. విద్యుత్తు సరఫరా భాగంలో చిన్న పీపాల్లా నిలబడి ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడికి అది నెమ్మదిగా ఆరిపోతుంది. వాటి మీద 105 డిగ్రీలు అని ముద్రించి ఉంటుంది. మామూలు రకానికి ఆ వేడిలో సుమారు 2,000 గంటల ఆయుష్షు. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు రెట్టింపు అవుతుందనేది ఈ వృత్తిలో అందరం వాడే లెక్క. దాని ప్రకారం కెపాసిటర్ 85 డిగ్రీల దగ్గర ఉంటే 8,000 గంటలు, 75 దగ్గర 16,000 గంటలు, 65 దగ్గర 32,000 గంటలు పనిచేస్తుంది. ఏడాదికి 8,760 గంటలు. ఆపకుండా నడిచే బాక్సులో ఆ కెపాసిటర్ 85 డిగ్రీల దగ్గర ఉంటే ఏడాది నిండకముందే, 65 దగ్గర ఉంటే మూడున్నరేళ్లు దాటాక పోతుందన్న మాట. బాక్సు ఒకటే, చోటు మారితే ఆయుష్షు నాలుగు రెట్లు మారుతోంది. మీకు ఏడాదిన్నరలో రెండు బాక్సులు పోవడం వెనుక ఉన్నది ఇదేనని నా అంచనా.

మన ప్రాంతపు వాతావరణం కూడా ఇందులో కలుస్తుంది. బాక్సులతో ఇచ్చే పుస్తకాల్లో సాధారణంగా కనిపించే గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 40 లేదా 45 డిగ్రీలు. పరిసర ఉష్ణోగ్రత అంటే ఊరి ఉష్ణోగ్రత కాదు, బాక్సు చుట్టూ ఉన్న గాలిది. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు, కావలి ఊళ్లలో బయటే 42, 43 దాటుతున్న రోజులు ఉంటాయి. పైగా మనకు ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది కాబట్టి, కోస్తాలో ఉత్తరం వైపు జిల్లాలు చల్లబడిన తర్వాత కూడా జూన్, జూలైల్లో ఇక్కడ ఉక్కగానే ఉంటుంది. బాక్సుకు కష్టకాలం మనకు ఒక నెలతో అయిపోదు. ఒక మే నెలలో నెల్లూరు బాలాజీనగర్‌లో ఒకరి ఇంట్లో మీలాంటి గాజు తలుపుల అరలోనే కొలిచాను. గదిలో 38 డిగ్రీలు ఉంటే, మూసిన అర లోపలి గాలి 51 డిగ్రీలు ఉంది. తలుపులు తెరిచి అరగంట తర్వాత చూస్తే 41కి దిగింది. ఆ ఇంటి వాళ్లు అప్పటికి మూడు సార్లు బాక్సు మార్పించుకుని ఉన్నారు.

చోటు విషయంలో నేను పాటించే కొలతలు

బాక్సుకు పైన జానెడు, రెండు పక్కలా వెనకా బెత్తెడు ఖాళీ ఉండాలి. కింద వేలి మందమైనా ఎత్తు ఉండాలి. బాక్సుకు ఉండే రబ్బరు కాళ్లు మరీ పొట్టివి, పైగా కొన్నాళ్లకు ఊడిపోతాయి. అవి పోయిన బాక్సు అడుగు బల్లకు అంటుకుపోయి, కింది రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. నాలుగు ప్లాస్టిక్ సీసా మూతలు తీసుకుని నాలుగు మూలలా బోర్లించి, వాటి మీద బాక్సు పెట్టండి. చల్లగాలి కింది నుంచి దూరి, వేడెక్కి, పై రంధ్రాల గుండా తనంతట తానే పోతుంది. పైసా ఖర్చు లేని ఈ పని వల్ల కలిగే మేలు చాలాసార్లు కొన్న ఫ్యానుకన్నా ఎక్కువగా ఉంటుంది.

పై అర విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలకు అందకూడదని చాలామంది బాక్సును ఎత్తుగా పెడతారు. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి గదిలో అన్నిటికన్నా వేడి పొర అక్కడే ఉంటుంది. మీది పై అంతస్తు అన్నారు. పగలంతా ఎండకు కాగిన స్లాబు సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. అందుకే కొందరి ఇళ్లలో ఎండ తగ్గినా రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు కూడా బాక్సు ఆగిపోతూ ఉంటుంది. మేడ మీద సున్నం కొట్టించుకున్న ఇళ్లలో మనుషులతో పాటు బాక్సులు కూడా సుఖపడడం నేను చూశాను. మీరు బాక్సును నడుము ఎత్తుకు, కుదిరితే ఇంకా కిందికి దించండి.

టీవీ వెనక గోడకు, రెండు వైపులా అంటుకునే టేపుతో బాక్సును అతికించడం ఈ మధ్య ఎక్కువైంది. చూడడానికి తీగలు కనిపించక బాగుంటుంది. కానీ పెద్ద ఎల్‌ఈడీ టీవీ తానే 60, 80, 100 వాట్ల వేడిని వెనక్కి వదులుతుంది. దాని వీపుకూ గోడకూ మధ్య ఇరుక్కున్న బాక్సు బతకడం కష్టం. అక్కడే పెట్టాలనుకుంటే టీవీ కింది అంచుకు దిగువగా, సగమైనా బయటికి కనిపించేలా పెట్టించుకోండి.

వైఫై రూటరు మీద బాక్సు, ఇన్వర్టరు మీద బాక్సు, స్టెబిలైజరు మీద బాక్సు, వీటిలో ఏదీ మంచిది కాదు. కింద ఉన్నదాని వేడి కూడా పైదానికే చేరుతుంది. బాక్సు మీద లేసు గుడ్డ, దాని మీద బొమ్మలు, కొత్తగా వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు తీయకుండా వదిలేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మా దగ్గరికి వచ్చిన ఒక బాక్సుకు కవరు కరిగి పై రంధ్రాల్లోకి దిగి గట్టిపడి ఉంది. ఇంటి పెద్దావిడ దుమ్ము పడకుండా ఎంతో జాగ్రత్తగా కాపాడుకున్న వస్తువు అది. ఆమెకు ఆ విషయం చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది.

గాజు తలుపుల అర తప్ప వేరే చోటు లేదంటే, వడ్రంగి చేత అర వెనక పలకకు రెండు రంధ్రాలు పెట్టించండి: ఒకటి అడుగున, ఇంకొకటి పై అంచున, ఒక్కొక్కటి మూడంగుళాల వెడల్పుతో. ఒక్కటే రంధ్రం పెడితే తీగలు దూరతాయి గానీ గాలి తిరగదు. వచ్చేందుకు కింద, పోయేందుకు పైన, రెండూ కావాలి. యూనిట్‌ను గోడకు ఆనించకుండా రెండంగుళాలు ముందుకు జరపండి, లేకపోతే ఆ రంధ్రాలను గోడే మూసేస్తుంది. టీవీ చూస్తున్నంతసేపు తలుపులు తెరిచే ఉంచండి.

చీమకుర్తి దగ్గర కావడం వల్ల మా వైపు గ్రానైటు పలకలు సులువుగా దొరుకుతాయి, చాలా ఇళ్లలో టీవీ కింద బల్ల గ్రానైటుదే. రాయి చల్లగా ఉంటుంది కాబట్టి బాక్సును దాని మీద ఆనించి పెడితే వేడి లాగేస్తుందా అని చాలామంది అడుగుతారు. చెక్కకన్నా గ్రానైటు వేడిని ఎన్నో రెట్లు బాగా లాగుతుంది, నిజమే. అయితే బాక్సు అడుగు ప్లాస్టిక్‌దో పలుచని రేకుదో. లోపలి చిప్పు దానికి నేరుగా తగలదు. కాబట్టి రాయికి ఆనించడం వల్ల వచ్చే లాభం కన్నా, కింద గాలి ఆగిపోవడం వల్ల వచ్చే నష్టమే ఎక్కువ. గ్రానైటు బల్ల మీద కూడా మూతలు పెట్టాల్సిందే.

అడాప్టర్

మీ బాక్సుకు విడిగా అడాప్టర్ ఉందనుకుంటున్నాను. ఇప్పుడు ఎక్కువ బాక్సులు అలాంటివే. బాక్సు వెనక జాక్ పక్కన రాసి ఉన్న వోల్టేజీ, అడాప్టర్ మీద రాసి ఉన్న అవుట్‌పుట్ వోల్టేజీ ఒకటే కావాలి. ఎక్కువగా 12 వోల్టులు ఉంటుంది. ఆంపియర్లు మాత్రం బాక్సు అడిగినదానికి సమానంగా గానీ అంతకన్నా ఎక్కువగా గానీ ఉండవచ్చు. 1.5 ఆంపియర్లు కావలసిన బాక్సుకు 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే ఏమీ కాదు. 1 ఆంపియర్‌ది పెడితే కొన్నాళ్లు పనిచేసినట్టే పనిచేసి, కాగి, తాను పోయి బాక్సును కూడా ఇబ్బంది పెడుతుంది. మొదటి బాక్సు పోయినప్పుడు దాని అడాప్టర్‌నే రెండో బాక్సుకు వాడుకున్నారా అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి. అలా వాడిన ఇళ్లలో తప్పంతా పాత అడాప్టర్‌దే అయిన సందర్భాలు నాకు చాలా తగిలాయి.

పరీక్ష సులువు. బాక్సు నడుస్తుండగా మెకానిక్ చేత మల్టీమీటరుతో కొలిపించండి. 12 వోల్టుల అడాప్టర్ భారం మీద 11.4 నుంచి 12.6 మధ్య చూపాలి. బాక్సు తగిలించకుండా కొలిస్తే పాడైపోయిన అడాప్టర్ కూడా 12 చూపించి మోసం చేస్తుంది. జాక్ వదులుగా ఉన్నా, పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, అక్కడ సందులో నిప్పు పుడుతోందని అర్థం. గోడ ప్లగ్గుకూ ఇది వర్తిస్తుంది. కొత్తది కొనేటప్పుడు దాని మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూసి కొనండి. బజార్లో అతి చవకగా దొరికే వాటిని నేను నా ఇంట్లో పెట్టుకోను, మీకూ పెట్టమని చెప్పను.

పల్లెల్లో ఉన్నవారికి ఒక మాట. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు కూడా ఈ అడాప్టర్లు పనిచేస్తాయి, ఎందుకంటే వీటిని 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసేలా తయారుచేస్తారు. కానీ తక్కువ వోల్టేజీలో అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతాయి, కాబట్టి ఎక్కువ కాగుతాయి. అడాప్టర్‌ను దిండు వెనకో పరుపు కిందో పడేయకుండా గాలిలో ఉంచితే సరిపోతుంది.

డిష్ కనెక్టర్, ఉప్పుగాలి

ఇప్పుడు నేను ముందు చెప్పిన మూడో కారణం. మేడ మీద డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి విద్యుత్తు విడిగా రాదు. మీ బాక్సే 13 లేదా 18 వోల్టులను అదే కేబుల్ గుండా పైకి పంపుతుంది. మామూలుగా ఎల్‌ఎన్‌బీ 100 నుంచి 200 మిల్లీయాంపియర్ల దాకా తీసుకుంటుంది. కనెక్టరులోకి నీరు దిగి, అందులో సముద్రపు ఉప్పు చేరితే, మధ్య తీగకూ చుట్టూ ఉన్న అల్లికకూ మధ్య కొంత కరెంటు కారిపోతుంది. రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి, రోజురోజుకూ ఆ కారడం పెరుగుతుంది. ఆ భారమంతా బాక్సులో వోల్టేజీని అదుపులో ఉంచే చిన్న రెగ్యులేటరు మీద పడుతుంది. బొమ్మ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, బాక్సు మాత్రం లోపలి నుంచి ఉడుకుతూ ఉంటుంది.

కొత్తపట్నం దగ్గర ఒక ఇంట్లో వరసగా బాక్సులు పోతుంటే నన్ను పిలిచారు. బాక్సు కిటికీ పక్కన, చక్కగా గాలి తగిలే చోటే ఉంది, అడాప్టరు కూడా కొత్తది. కేబుల్‌కు వరసలో మీటరు పెట్టి చూస్తే మామూలుగా ఉండవలసినదానికి రెట్టింపు పైగా కరెంటు పోతోంది. మేడ ఎక్కి కనెక్టరు విప్పితే పిండి పిండిగా రాలింది. కనెక్టరుతో పాటు మూరెడు కేబుల్ కత్తిరించి కొత్తది వేశాం. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి బాక్సు కోసం పిలుపు రాలేదు.

మీరే చేయగలిగిన పరీక్ష ఇది. ముందు బాక్సును గోడ స్విచ్చు దగ్గర ఆపండి. కరెంటు ఉండగా కేబుల్ విప్పకండి, మధ్య తీగ పక్కకు తగిలితే షార్టవుతుంది. కేబుల్ విప్పి, బాక్సును తిరిగి వేసి, సిగ్నల్ లేదన్న సందేశంతోనే గంటసేపు నడవనివ్వండి. అంతకుముందుకన్నా స్పష్టంగా చల్లగా ఉంటే, మీ అనుమానం మేడ మీదికి పోవాలి. కొత్త కనెక్టరు వేసినప్పుడు దాని మీద నీరు చొరని సాగే రబ్బరు టేపు చుట్టించండి, కేబుల్‌ను ఎల్‌ఎన్‌బీ నుంచి నేరుగా కిందికి లాగకుండా ఒక చిన్న ఒంపు తిప్పి కట్టించండి. వాన నీరు ఆ ఒంపు అడుగు నుంచి కిందికి కారిపోతుంది, కనెక్టరులోకి ఎక్కదు. అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, సింగరాయకొండ వంటి తీరపు ఊళ్లలో రెండేళ్లకొకసారి ఈ కనెక్టరు మార్చడం నేను అలవాటుగా చేయిస్తాను. కనిగిరి, మార్కాపురం వైపు ఉప్పుగాలి బాధ లేదు, అక్కడ దుమ్ము, ఎండ ఎక్కువ. కేబుల్ టీవీ బాక్సులు, ఇంటర్నెట్ మీద నడిచే బాక్సులు పైకి విద్యుత్తు పంపవు కాబట్టి వాటికి ఈ భాగం వర్తించదు.

ఇది నిజంగా వేడి బాధేనా?

అన్నిటినీ వేడి మీద తోయకూడదు. బొమ్మ ఆగిపోయినప్పుడు టేబుల్ ఫ్యానును బాక్సు వైపు తిప్పి ఇరవై నిమిషాలు ఉంచండి. తర్వాత బాగా నడిస్తే వేడే కారణం. ఫ్యాను పెట్టినా అలాగే ఉండి, ఎండ దిగిన తర్వాతే బాగుపడితే, ఎండలో కాగుతున్న ఎల్‌ఎన్‌బీని అనుమానించాలి. పాతబడిన వాటి ఫ్రీక్వెన్సీ వేడికి పక్కకు జరుగుతుంది. మబ్బు పట్టి గట్టి వాన పడుతున్నప్పుడు మాత్రమే పోతే అది వానకు సిగ్నల్ తగ్గడం. ఫిబ్రవరి చివర, మార్చిలోనూ మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరులోనూ కొన్ని రోజుల పాటు పగటిపూట ఒకే సమయానికి కొద్ది నిమిషాలు బొమ్మ పోతే, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వచ్చాడని అర్థం. దానికి ఏ మరమ్మతూ అక్కరలేదు.

కొలవాలనుకుంటే కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటర్లు పనికిరావు, అవి మనిషి ఒంటి వేడి కోసమే తయారైనవి. చేత్తోనే చూడండి. అరచెయ్యి పది సెకన్లు ఉంచగలిగితే పెద్ద భయం లేదు. రెండు మూడు సెకన్లకే తీసేయవలసి వస్తే పై రేకు 60 డిగ్రీల ప్రాంతంలో ఉందన్న మాట, లోపల అంతకన్నా ఎక్కువ.

ఫ్యాను ఎప్పుడు?

చోటు, అడాప్టర్, కనెక్టర్ మూడూ సరిచూసిన తర్వాత కూడా బాక్సు ఆగిపోతుంటే అప్పుడు ఫ్యాను. హార్డ్‌డిస్కు ఉన్న బాక్సులకు, 4కే బాక్సులకు ఇది తరచుగా అవసరమవుతుంది. కంప్యూటర్లలో వాడే 80 మిల్లీమీటర్ల ఫ్యాను చాలు. యూఎస్‌బీతో నడిచే 5 వోల్టుల రకం కొంటే టీవీ వెనక ఉన్న పోర్టుకే తగిలించవచ్చు. కాకపోతే టీవీ ఆపగానే ఫ్యాను కూడా ఆగుతుంది, బాక్సు మాత్రం స్టాండ్‌బైలో కాగుతూనే ఉంటుంది. అందుకని దాన్ని పాత మొబైల్ చార్జరుకు తగిలించి, బాక్సుతో పాటు ఒకే స్విచ్చు మీద పెట్టండి.

అరలో పెట్టేటట్టయితే వెనక పై రంధ్రం దగ్గర, గాలిని బయటికి తోసేలా బిగించండి. ఫ్యానును నేరుగా బాక్సు పై రంధ్రాల మీద బోర్లించి పెట్టడం నాకు ఇష్టం లేదు. అది తిరిగినన్నాళ్లు బాగానే ఉంటుంది, బేరింగు పోయి ఆగిన రోజున అదే మూతలా తయారవుతుంది, ఎవరూ గమనించరు.

తడి గుడ్డ గురించి ఎందుకంత గట్టిగా వద్దన్నానో చెప్పాలి. నీరు రంధ్రాల్లోకి దిగడం ఒక ప్రమాదం. విడి అడాప్టర్ లేకుండా నేరుగా ప్లగ్గు పెట్టే బాక్సుల్లో లోపల 230 వోల్టుల సరఫరా ఉంటుంది, అందులోని పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. ముట్టుకున్న మనిషికే ముప్పు. తడి ఎయిర్‌కూలర్‌కు ఎదురుగా బాక్సు పెట్టడం కూడా మంచిది కాదు. ఆ తేమతో పాటు బోరు నీటిలోని ఉప్పు కూడా తుంపరగా బోర్డు మీద చేరి, కొన్నాళ్లకు తెల్లటి పొరలా కనిపిస్తుంది. లోపల అంత వోల్టేజీ ఉండవచ్చు కాబట్టి బాక్సు పై మూతను కూడా మీరు విప్పవద్దు. వారంటీ ఉన్నా, బాక్సు కంపెనీ సొత్తయినా విప్పితే మీకే నష్టం.

దుమ్ము దులపడానికి విప్పనవసరం కూడా లేదు. ప్లగ్గు తీసి, పొడిగా ఉన్న రంగు కుంచెతో రంధ్రాల మీద దులిపితే చాలు. రెండు నెలలకొకసారి సరిపోతుంది. హైవే పక్కన, క్వారీల దగ్గర, రైసు మిల్లుల దగ్గర ఉండేవారు నెలకొకసారి చేయాలి. నోటితో ఊదకండి, తేమ చేరుతుంది. బైకు సర్వీసు షెడ్డులో గాలి కొట్టించడం కూడా వద్దు, ఆ గాలిలో నీరు, నూనె ఉంటాయి. వెచ్చదనానికి చీమలు, బొద్దింకలు, బల్లిపిల్లలు లోపల చేరుతుంటాయి. బాక్సు చుట్టూ తినుబండారాలు పెట్టకపోవడమే దానికి విరుగుడు. రంధ్రాల్లో చీమల మందు పొడి మాత్రం చల్లకండి.

రాత్రి పూట ఆపాలా?

ఆపండి, గోడ స్విచ్చు దగ్గరే. రోజుకు పన్నెండు గంటలు ఆపితే కెపాసిటర్ల ఆయుష్షు క్యాలెండరు లెక్కలో దాదాపు రెట్టింపు అవుతుంది. 12 వాట్ల బాక్సుకు నెలకు నాలుగు యూనిట్లకు పైగా కరెంటు కూడా మిగులుతుంది. ఒక జాగ్రత్త ఉంది. చానళ్ల అనుమతి, సాఫ్ట్‌వేరు మార్పులు ఆకాశం నుంచే వస్తాయి కాబట్టి, రోజుల తరబడి ఆపి ఉంచిన బాక్సు తిరిగి వేయగానే కొన్ని చానళ్లు రావడం లేదని చూపవచ్చు. అలాంటప్పుడు అదే చానల్ మీద ఉంచి కొంతసేపు ఆగితే సాధారణంగా వచ్చేస్తాయి. తెర మీద సాఫ్ట్‌వేరు మారుతోందని కనిపిస్తున్నప్పుడు మాత్రం స్విచ్చు ఆపకండి. వానాకాలంలో నా సలహా కొంచెం వేరు. నవంబరు ముసురులో వారాల తరబడి ఆపి ఉంచితే తేమ చేరుతుంది. రోజూ కాసేపు నడిపితే ఆ వెచ్చదనమే దాన్ని ఆరబెడుతుంది. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ కూడా విప్పి పక్కన పెట్టండి.

కొన్నిచోట్ల గది వేడిని ఎవరూ తగ్గించలేరు. విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా షెడ్డుకు ఒకసారి వెళ్లాను. రేకుల కప్పు, ఒకే గది, మధ్యాహ్నం లోపల నిలబడలేకపోయాను. టీవీ, బాక్సు రెండూ కప్పుకు దగ్గరగా కట్టిన చెక్క మీద ఉన్నాయి. అక్కడ ఉండే కుర్రవాళ్లకు రాత్రిళ్లు మేలుకుని ఉండడానికి ఆ టీవీయే తోడు. రేకుల కింద తాటాకులు పరిచి, చెక్కను నడుము ఎత్తుకు దించి, గాలి వచ్చే తడిక పక్కన బాక్సు పెట్టాం. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా స్విచ్చు ఆపేయమని చెప్పాను, ఆ వేళలో వాళ్లూ చెట్టు కిందే ఉంటారు. ఆ వేసవి ఆ బాక్సు గట్టెక్కింది. మీ ఇంట్లో పరిస్థితి అంత కష్టమైనది కాదు.

చివరగా కంపెనీ మార్చడం గురించి. ఏ కంపెనీ బాక్సయినా ఇంచుమించు ఇలాంటి చిప్పులు, ఇలాంటి కెపాసిటర్లే. అదే గాజు అరలో పెడితే మూడోది కూడా ఇలాగే పోతుంది, మార్చినందుకు ఖర్చు అదనం. మొదటి బాక్సు ఇంకా మీ దగ్గరే ఉండి, అది మీ సొంతమైతే పారేయకండి. విద్యుత్తు సరఫరా వైపు తల ఉబ్బిన కెపాసిటర్లు మాత్రమే పోయి ఉంటే, ఆ రెండు మూడు మార్చడం చిన్న పని. ఇక్కడ చాలా షాపుల్లో చేస్తారు. బాక్సు చోటు మార్చి మూడు రోజులు చూడండి. అప్పటికీ మధ్యాహ్నం ఆగుతుంటే, అడాప్టర్ మీద రాసి ఉన్న అంకెలు, భారం మీద కొలిచిన వోల్టేజీ, డిష్ కేబుల్ విప్పినప్పుడు వేడిలో తేడా వచ్చిందో లేదో ఈ మూడూ ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.